మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌కు పదిమందితో వెళ్ళాలంటే ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

ఐరోపాకు ఉద్యోగాలకో చదువులకో వచ్చిన మన వాళ్ళ మధ్య ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ‘ఈసారి అందరం కలిసి అక్టోబర్‌ఫెస్ట్‌కు వెళ్దాం’ అన్న మాట తప్పకుండా పుడుతుంది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా పెద్ద పెద్ద టెంట్లలో జరిగే బీరు ఉత్సవం అది. మాట పుట్టే నాటికే సగం ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు వెళ్ళడానికి పెద్దగా ఏర్పాట్లు అక్కర్లేదు. వారం మధ్యలో ఒక ఉదయం వెళ్ళి ఏదో టేబుల్ చివర సర్దుకుంటే సరిపోతుంది. పదిమంది అనేసరికి వ్యవహారం మారిపోతుంది. అక్కడి టెంట్లలో సాధారణంగా కూర్చున్నవారికే బీరు తెచ్చి ఇస్తారు కనుక, మీ ప్రయాణమంతా చివరికి ఒక టేబుల్ చుట్టూ తిరుగుతుంది. ముందు విమానం టిక్కెట్లు కొని, తరువాత బస వెతికి, చిట్టచివర టేబుల్ సంగతి చూడడం చాలామంది చేసే పని, కానీ అది తలకిందుల పద్ధతి. మొదట తేదీ, తరువాత టేబుల్, ఆ తరువాత బస, చివరికి టిక్కెట్లు అన్న వరుసను పాటించండి.

తేదీ నిర్ణయించడం

1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు రాకుమారి తెరేజెతో వివాహం జరిగింది. ఆ సంబరాల ముగింపుగా ఐదు రోజుల తరువాత ఊరి బయట పచ్చికలో గుర్రపు పందేలు పెట్టారు. ఆ పచ్చికకు పెళ్ళికూతురి పేరు మీదుగా తెరేజియన్‌వీజె అన్న పేరు వచ్చింది. నేటికీ ఉత్సవం జరిగేది అక్కడే. వీజె అంటే పచ్చిక బయలు. మ్యూనిక్ వాసులు ఉత్సవాన్ని కూడా ముద్దుగా ‘వీజ్న్’ అనే అంటారు తప్ప అక్టోబర్‌ఫెస్ట్ అన్న మాట వారి నోట తక్కువగా వినిపిస్తుంది.

పేరు అక్టోబరుదే అయినా, చలి ముదరకముందే జరుపుకోవాలని కాలక్రమంలో ఉత్సవాన్ని సెప్టెంబరుకు జరిపారు. ఇప్పటి పద్ధతి ప్రకారం సెప్టెంబరు 15 తరువాత వచ్చే శనివారం మొదలై అక్టోబరు మొదటి ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఆదివారం 1వ తేదీనో 2వ తేదీనో పడితే, జర్మనీ ఏకీకరణ దినమైన 3వ తేదీ వరకు పొడిగిస్తారు. ఆ లెక్కన 2026లో సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు, 2027లో సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 3 వరకు జరుగుతుంది. తేదీలు ఎన్నో ఏళ్ళ ముందే తెలిసిపోతాయి కనుక, సెలవు దొరకలేదన్న సాకు మీ బృందంలో ఎవరికీ మిగలదు.

ఈ పదహారు నుంచి పద్దెనిమిది రోజులూ ఒకే తీరుగా ఉండవు. మొదటి శనివారం మధ్యాహ్నం 12 గంటలకు షాటెన్‌హామెల్ టెంటులో నగర మేయర్ పీపాకు కుళాయి కొట్టి ‘ఓ త్సాప్ఫ్‌ట్ ఇస్’, అంటే ‘కుళాయి బిగించాం’ అని ప్రకటించేదాకా మైదానంలో ఎక్కడా చుక్క బీరు పోయరు. 1950లో నాటి మేయర్ థోమాస్ విమ్మర్ మొదలుపెట్టిన ఈ ఆనవాయితీని కళ్ళారా చూడాలని తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరతారు. పదిమందిని వెంటబెట్టుకుని ఆ రోజు వెళ్ళడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. రెండవ శనివారం అంతకంటే కష్టం. ఆల్ప్స్ పర్వతాల అవతలి నుంచి వచ్చే జనం మూలంగా దానికి ‘ఇటాలియన్ వారాంతం’ అన్న పేరే ఉంది. 2025 సెప్టెంబరు 27న, అంటే సరిగ్గా ఆ శనివారం నాడు, రద్దీ మితిమీరడంతో మైదానం ద్వారాలను కొంతసేపు మూసివేయవలసి వచ్చింది. అక్టోబరు 3 కూడా జాతీయ సెలవు దినం కనుక ఆ ఒత్తిడి వేరు.

బృందానికి అనువైనవి సోమవారం నుంచి గురువారం వరకు ఉన్న రోజులు, వారాంతంలోనే కుదురుతుందంటే ఆదివారం సాయంత్రం. మంగళవారాలు కుటుంబ దినాలు. సాయంత్రం 7 గంటల వరకు రంగులరాట్నాల వంటి వాటికి ధర తగ్గిస్తారు. సంప్రదాయ దుస్తులలో సాగే పెద్ద ఊరేగింపును చూడాలని ఉంటే మొదటి ఆదివారం ఉదయం 10 గంటలకు నగర వీధుల్లో నిలబడి చూడవచ్చు, దానికి టెంటుతో పని లేదు. ఉత్సవం అధికారిక వెబ్‌సైటులో ఏ రోజు, ఏ పూట రద్దీ ఎలా ఉంటుందో తెలిపే పట్టిక ఉంటుంది. తేదీ ఖాయం చేసే ముందు దాన్ని చూడండి.

లెక్క పదికి కుదరాలి

టెంటు అనగానే మన పెళ్ళిళ్ళ షామియానా కళ్ళ ముందు మెదలవచ్చు. ఇవి అలాంటివి కావు. వేల మంది కూర్చోగలిగేలా వేసవి అంతా శ్రమపడి నిలబెట్టే కలప కట్టడాలు. పెద్దవి 14 ఉంటాయి, చిన్నవి వేరు. వీటిలో పొడవాటి టేబుల్, రెండు వైపులా బెంచీలు, ఒక్కో టేబుల్‌కు సాధారణంగా పదిమంది అన్నది కొలత. ఎనిమిదిమంది వెళ్ళినా పదిమందికి సరిపడా బీరు, భోజనం కూపన్లు కొనవలసి ఉంటుంది. పన్నెండుమంది అయితే రెండు టేబుళ్ళు అడగాలి, అవి పక్కపక్కన దొరుకుతాయన్న హామీ లేదు.

ఈ పాఠం నేను డబ్బిచ్చి నేర్చుకున్నాను. మొదటిసారి మేము పన్నెండుమందిమి, చేతిలో ఒక్క టేబుల్. బెంచీ మీద కాస్త సర్దుకుంటే ఆ ఇద్దరూ ఇరుక్కోలేరా, ఊరి బస్సులో ముగ్గురి సీటులో ఐదుగురం కూర్చోలేదా అనుకున్నాం. ద్వారం దగ్గర నిలబడ్డ మనిషి ఎంతో మర్యాదగా పది వరకు లెక్కపెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. మిగిలిన ఇద్దరూ ఆ సాయంత్రమంతా బయట తోటలో, సన్నటి వానలో గడిపారు. అందుచేత వస్తామన్నవారి పేర్లు రాసుకుని, తలకు యాభై యూరోల చొప్పున ముందుగానే వసూలు చేసి, డబ్బు ఇచ్చినవారినే లెక్కలోకి తీసుకోండి. మాట ఇచ్చినవారికీ డబ్బు ఇచ్చినవారికీ మధ్య తేడా ఎంతో మీకు అప్పుడు తెలుస్తుంది.

టెంటు ఎంచుకోవడం

ఈ మైదానంలో పోసేది మ్యూనిక్ నగరంలో తయారైన ఆరు కంపెనీల బీరు మాత్రమే: ఆగస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, ష్పాటెన్. రుచిలో తేడా చెప్పగలనని పందెం కాసేవారు ప్రతి బృందంలో ఒకరుంటారు. నా దృష్టిలో టెంటును రుచిని బట్టి కాక వాతావరణాన్ని బట్టి ఎంచుకోవాలి. హోఫ్‌బ్రాయ్ టెంటులో విదేశీయులు ఎక్కువ, అల్లరి ఎక్కువ. నిలబడి తాగే చోటు కూడా కొంత ఉండడం దాని ప్రత్యేకత. ఆగస్టీనర్ టెంటులో ఇప్పటికీ కొయ్య పీపాల నుంచే బీరు తీస్తారు, స్థానిక కుటుంబాలు ఇష్టపడే చోటు అది. హాకర్ టెంటు పైకప్పంతా నీలాకాశం, మబ్బులు చిత్రించి ఉంటుంది. షాటెన్‌హామెల్‌లో కుర్రకారు సందడి. ఫిషర్-ఫ్రోనీలో పుల్లకు గుచ్చి బొగ్గుల మీద కాల్చిన చేప దొరుకుతుంది. పంది మాంసం, గొడ్డు మాంసం తినని మన వాళ్ళకు అది నిజంగా ఊరట. ఎద్దును నిలువునా కాల్చడమే పేరుగా ఉన్న ఓక్సెన్‌బ్రాటెరైకి ఎవరిని తీసుకువెళ్తున్నారో ఒకసారి ఆలోచించుకోండి.

ఇవేవీ కాక మైదానం దక్షిణ భాగంలో ‘ఓయిడే వీజ్న్’ అనే పాతకాలపు విభాగం ఉంది. ఉత్సవానికి 200 ఏళ్ళు నిండిన 2010లో దీన్ని ఆరంభించారు. మిగతా మైదానానికి, టెంట్లకు ప్రవేశ రుసుము లేదు. దీనికి మాత్రం కొద్ది యూరోలు తీసుకుంటారు. ఇత్తడి వాయిద్యాలు, జానపద నృత్యాలు, పాత రంగులరాట్నాలు, పక్కవారితో మాట్లాడుకోగలిగేంత నిశ్శబ్దం ఇక్కడ దొరుకుతాయి. హైదరాబాదు నుంచి వచ్చిన తల్లిదండ్రులు మీతో ఉంటే మొదట ఇక్కడికే తీసుకువెళ్ళండి.

టేబుల్ అడగడం

ఉత్సవానికంతటికీ కలిపి ఒక కౌంటరు ఉండదు. ఒక్కో టెంటును ఒక్కో యజమాని నడుపుతాడు కనుక, ఆ టెంటు సొంత వెబ్‌సైటులోనే అభ్యర్థన పంపాలి. చాలా టెంట్లు సంవత్సరం మొదటి నెలల్లో అభ్యర్థనలు తీసుకుని, వసంతంలో జవాబులు ఇస్తాయి. జనవరిలోనే మూడు నాలుగు టెంట్ల వెబ్‌సైట్లలో ఖాతా తెరిచి, ఎప్పుడు స్వీకరిస్తారో రాసిపెట్టుకోండి. ఏళ్ళ తరబడి వస్తున్న స్థానికులకు, కంపెనీలకు శుక్ర, శనివారాల సాయంత్రాలు ముందే వెళ్ళిపోతాయి. కొత్తవారు ఆ పూటలే అడిగి, రాలేదని నిట్టూర్చడం కంటే, సోమవారం నుంచి గురువారం లోపు మధ్యాహ్నపు పూట అడగడం తెలివైన పని. మధ్యాహ్నం టేబుల్ సుమారు నాలుగు గంటలకు ఖాళీ చేయాలి, ఆ తరువాత సాయంత్రపు వారు వస్తారు.

టేబుల్ పట్టినందుకు విడిగా అద్దె ఉండదు. బదులుగా కనీసం ఇంత తినాలి, తాగాలి అన్న నియమం మీద కూపన్లు కొనిపిస్తారు. తలకు రెండు లీటర్ల బీరు, అర కోడి అన్నది మామూలు కొలత. 2025లో లీటరు బీరు ధర టెంటును బట్టి 14.50 నుంచి 15.80 యూరోల వరకు ఉంది. ఆ ప్రకారం పదిమంది టేబుల్‌కు 400 నుంచి 500 యూరోలు ముందే చెల్లించవలసి ఉంటుందని లెక్క వేసుకోండి; విలాసవంతమైన టెంట్లలో ఇంకా ఎక్కువ. కూపన్లు పోస్టులో వస్తాయా, స్వయంగా వెళ్ళి తీసుకోవాలా అన్నది జవాబు వచ్చిన రోజే తెలుసుకోవాలి, ఎందుకంటే భారతదేశపు చిరునామాకు పోస్టు పంపమని అడిగి, అది వచ్చేలోగా ఉత్సవం ముగిసిపోతే ఎవరినీ ఏమీ అనలేం. జర్మనీలో ఉన్న స్నేహితుడి చిరునామా ఇవ్వడం మేలు.

ఇతరుల టేబుళ్ళను వేల యూరోలకు అమ్మే మధ్యవర్తులు అంతర్జాలంలో కనిపిస్తారు. టెంట్ల నిబంధనలు ఇలాంటి మారుబేరాన్ని ఒప్పుకోవు. ద్వారం దగ్గర పేరు కుదరకపోతే మీ డబ్బూ పోతుంది, సాయంత్రమూ పోతుంది. సినిమా మొదటి ఆటకు బ్లాకులో టిక్కెట్టు కొన్న అనుభవం ఇక్కడ పనికిరాదు.

టేబుల్ దొరకకపోతే

దొరకకపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు. ప్రతి పెద్ద టెంటులో కొన్ని సీట్లను ముందస్తుగా ఎవరికీ ఇవ్వకుండా వదిలిపెట్టాలన్నది నగరం పెట్టిన నియమం. టెంట్ల బయట ఉండే తోటల్లో కూడా ముందు వచ్చినవారే కూర్చుంటారు. మామూలు రోజుల్లో బీరు పోయడం ఉదయం 10 గంటలకు, శని, ఆది, సెలవు రోజుల్లో 9 గంటలకు మొదలవుతుంది. సోమ, మంగళవారాల్లో పదకొండు లోపల వెళ్తే పదిమందికి ఒకేచోట దొరకడం అసాధ్యమేమీ కాదు. శనివారమైతే ద్వారాలు తెరవకముందే వరుసలో ఉండాలి.

లోపల ఖాళీ కనిపించినా పదిమందీ ఒక్కసారిగా మీద పడకండి. నలుగురైదుగురి చొప్పున రెండు జట్లుగా విడిపోయి, ఖాళీ ఉన్న బెంచీ దగ్గరకు వెళ్ళి ‘ఇస్ట్ హీయా నోఖ్ ఫ్రాయ్?’ అంటే ‘ఇక్కడ ఖాళీ ఉందా?’ అని అడగండి. ముక్కూమొహం తెలియనివారితో టేబుల్ పంచుకోవడం అక్కడ మామూలు విషయం. మంచి పరిచయాలు అలాగే ఏర్పడతాయి. ‘రిజర్వియర్ట్’ అన్న చీటీ ఉన్న టేబుల్ మీద రాసిన వేళను చూసుకుని, ఆలోగా లేచిపోతామని చెప్పి కూర్చోవడం కూడా కొన్నిచోట్ల కుదురుతుంది.

మ్యూనిక్ ఏ విధంగానూ కుదరని ఏడాది ష్టుట్‌గార్ట్‌లోని కాన్‌ష్టాట్ ఫోక్స్‌ఫెస్ట్‌ను చూడండి. 1816లో వేసవే లేకుండా పోయి పంటలు దెబ్బతిని కరువు వచ్చిన తరువాత, వ్యవసాయాన్ని ప్రోత్సహించాలని వ్యూర్టెంబర్గ్ రాజు మొదటి విల్‌హెల్మ్ 1818లో దీన్ని ఆరంభించాడు. పళ్ళు, కూరగాయలు, ధాన్యంతో అలంకరించిన పెద్ద స్తంభం ఇప్పటికీ దాని గుర్తు. దాదాపు అవే రోజుల్లో జరుగుతుంది, టెంట్లు, బెంచీలు, లీటరు గ్లాసులు అన్నీ ఉంటాయి, విదేశీ యాత్రికుల ఒత్తిడి మాత్రం తక్కువ.

బస, వీసా, ప్రయాణం

ఉత్సవం రోజుల్లో మ్యూనిక్ హోటళ్ళ అద్దె రెట్టింపు కావడం సాధారణం, మైదానానికి దగ్గరైతే అంతకు మించి. టేబుల్‌కు అభ్యర్థన పంపిన రోజే, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదులను పట్టుకుని ఉంచండి. పదిమందికి ఊళ్ళోనే బస అనే పట్టుదల అక్కర్లేదు. ఆగ్స్‌బుర్గ్ రైలులో ముప్పావు గంట లోపలే. ఫ్రైజింగ్, లాండ్స్‌హూట్, రోజెన్‌హైమ్ కూడా మంచి రైలు సౌకర్యం ఉన్న ఊళ్ళే. తిరుగు రైలు చివరిది ఎన్నింటికో మాత్రం బస ఖాయం చేసే ముందే చూసుకోవాలి.

బవేరియా రాష్ట్రంలో తిరగడానికి ‘బయర్న్ టికెట్’ అన్నది బృందాలకు వరం. ఒకే టిక్కెట్టు మీద ఐదుగురి వరకు రోజంతా ప్రాంతీయ రైళ్ళలో తిరగవచ్చు, మ్యూనిక్ మెట్రో, ట్రాములు కూడా దానిలోకే వస్తాయి. మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. వేగంగా పోయే ఐసీఈ రైళ్ళకు ఇది పనికిరాదు. నగరంలోనే ఉండేవారికి ఐదుగురి దాకా పనికివచ్చే రోజువారీ బృంద టిక్కెట్టు విడిగా ఉంది. దేశమంతటా ప్రాంతీయ రైళ్ళలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవారికి ఈ రెండూ అవసరం లేదు.

భారతదేశం నుంచి వచ్చేవారు ఉంటే షెంగెన్ వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వవచ్చు. హైదరాబాదులోనే దరఖాస్తు కేంద్రం ఉంది. వేసవిలో అక్కడ అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కనుక ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టమనండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది; అక్కడి నుంచి మ్యూనిక్‌కు రైలులో మూడున్నర గంటల లోపు.

మ్యూనిక్ విమానాశ్రయం నుంచి ఎస్1, ఎస్8 రైళ్ళు నగరంలోకి వస్తాయి. ప్రధాన రైల్వే స్టేషను నుంచి మైదానానికి పావుగంట నడక. యూ4, యూ5 మెట్రోలు సరిగ్గా తెరేజియన్‌వీజె స్టేషనులోనే దింపుతాయి. అద్దె ఎలక్ట్రిక్ స్కూటరు మీద తిరిగి వెళ్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ముందే వద్దనండి: తాగి నడిపితే జర్మనీలో వాటికీ కారుకు వర్తించే నియమాలే వర్తిస్తాయి, లైసెన్సు పోయే ప్రమాదం ఉంది.

సంచి, దుస్తులు, డబ్బు

వీపు సంచులను లోపలికి రానివ్వరు. 20, 15, 10 సెంటీమీటర్ల కొలతకు, అంటే మూడు లీటర్లకు మించిన సంచీ ఏదైనా ద్వారం దగ్గరే ఆగిపోతుంది. గాజు సీసాలు కూడా కుదరవు. విమానాశ్రయం నుంచి పెట్టెలతో నేరుగా వచ్చే పథకం వేయకండి. సెప్టెంబరు చివరలో పగలు ఎండ కాసినా రాత్రికి పది డిగ్రీల లోపుకు దిగవచ్చు, వాన ఎప్పుడైనా పడవచ్చు, కనుక నడుముకు కట్టుకోగలిగే పలచటి కోటు ఒకటి చాలు. తోలు లాగులు, డిర్న్‌డెల్ గౌన్లు వేసుకోవడం తప్పనిసరి కాదు, కానీ స్థానికుల్లో ఎక్కువమంది వేసుకుంటారు. వేసుకునే ఆడవారు నడుము ముందరి ముడి సంగతి తెలుసుకోవాలి: తమ ఎడమవైపు కడితే ఒంటరి అని, కుడివైపు కడితే జంట ఉందని అక్కడి వాడుక. మా బృందంలో ఒకరు పట్టు పంచె కట్టుకుని వచ్చారు. ఆయనతో ఫోటో దిగడానికి బవేరియా వాళ్ళు వరుస కట్టారు, బీరు కూడా ఒలికింది.

బీరు తెచ్చిన వెంటనే డబ్బు చెల్లించాలి, చివర్లో లెక్క రాయించుకునే పద్ధతి ఉండదు. ఒకేసారి పదేసి గ్లాసులు మోసుకొచ్చిన ఆవిడను నిలబెట్టి పదిమందీ పర్సులు వెతుక్కుంటే ఆమె మళ్ళీ మీ వైపు చూడదు. అందుకని తలా కొంత వేసి ఉమ్మడి డబ్బును ఒకరి చేతికి ఇవ్వండి, నోట్ల రూపంలోనే. కూపన్లతో కొన్నా చేతికి వేరుగా ఏదైనా ఇవ్వడం మర్యాద. గ్లాసుకు ఒక యూరో చొప్పున ఇస్తే మీ టేబుల్‌కు బీరు త్వరగా వస్తుంది.

టేబుల్ దగ్గర

బీరు వచ్చేది లీటరు గాజు గ్లాసులో. దాన్ని ‘మాస్’ అంటారు. మన సినిమాల మాస్‌తో చుట్టరికం లేదు గానీ ప్రభావం ఇంచుమించు అదే. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు కనుక ఒక మాస్ అంటే దాదాపు ఒకటిన్నర సీసాలు. ఉత్సవం కోసం ప్రత్యేకంగా తయారు చేసే ఈ బీరులో ఆల్కహాలు సుమారు 6 శాతం. మన ఊళ్ళో స్ట్రాంగ్ బీరుకు అలవాటుపడినవారు ఇది తేలిక అనుకుని మోసపోతారు, ఎందుకంటే తియ్యగా, మెత్తగా దిగిపోతుంది. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకూడదన్నది ఒక్కటే నేను పట్టుబట్టి అమలు చేసే నియమం: మొదటి గ్లాసు కంటే ముందు తినడానికి చెప్పండి. గ్లాసుకు గ్లాసుకు మధ్య నీళ్ళు తాగించండి. తాగని ఒకరు బృందంలో ఉంటే అదృష్టమే; కూపన్లు, చివరి రైలు బాధ్యత వారికి అప్పజెప్పి, వారి భోజనం ఉమ్మడి డబ్బులోంచి పెట్టండి. నిమ్మ సోడా కలిపిన ‘రాడ్లర్’, యాపిల్ రసపు సోడా కూడా దొరుకుతాయి.

శాకాహారులు ఆకలితో ఉండనక్కర్లేదు. చీజులో కలిపిన పిండి ముద్దలు కేజె-ష్పెట్స్‌లె, పుట్టగొడుగుల కూరతో బ్రెడ్డు ఉండలు, వెన్నలాంటి చీజు ముద్ద ఒబాట్స్‌డా, చేతి వెడల్పు ఉన్న ముడి ఆకారపు రొట్టెలు బ్రెట్సెలు దొరుకుతాయి. కూరలో పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటు ఉంది కనుక ‘ఓనే ష్పెక్’, అంటే ‘పంది కొవ్వు లేకుండా’ అని చెప్పాలి. కారం తప్ప అన్నీ ఉంటాయి; పచ్చడి పొట్లాన్ని జేబులో పెట్టుకు వచ్చిన మా మిత్రుణ్ణి చూసి మొదట నవ్వాం, తరువాత అడిగి వేసుకున్నాం.

గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. గ్లాసు పైఅంచు పలచన, అడుగు మందం కనుక అడుగు భాగాన్నే తాకించాలి. సాయంత్రం బ్యాండు జోరందుకున్నాక అందరూ బెంచీలెక్కి పాడతారు, మీరూ ఎక్కండి. టేబుల్ ఎక్కితే మాత్రం బయటికి పంపిస్తారు. టెంటు లోపల పొగ తాగకూడదు. గుర్తుగా గ్లాసును సంచిలో వేసుకోవడం దొంగతనమే. కాపలావారు ఏటా సుమారు లక్ష గ్లాసులను ఇలా వెనక్కు తీసుకుంటారు. కావాలంటే దుకాణంలో కొని రసీదు ఉంచుకోండి.

చిన్నపిల్లలు ఉంటే పగటిపూటే వెళ్ళాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉన్నా రాత్రి 8 గంటల తరువాత టెంటులో ఉండకూడదు. పిల్లల బళ్ళను శనివారాల్లోను, అక్టోబరు 3న, మిగతా రోజుల్లో సాయంత్రం 6 తరువాత మైదానంలోకి రానివ్వరు.

విడిపోయినప్పుడు, తిరిగి వెళ్ళేటప్పుడు

జనం కిక్కిరిసిన చోట ఫోను సిగ్నలు నమ్మదగినది కాదు. మొదటి గంటలోనే అందరినీ ఒక చోటికి తీసుకువెళ్ళి ‘తప్పిపోతే ఇక్కడికి’ అని చూపించండి. పడమటి వైపు మెట్టమీద నిలిచిన బవేరియా కంచు విగ్రహం అందుకు సరైనది. 1850 నుంచి అక్కడున్న ఆ విగ్రహాన్ని ఎంత మైకంలోనైనా గుర్తుపట్టవచ్చు. దాని కిందుగా సేవా కేంద్రం ఉంది: పోలీసు, ప్రథమ చికిత్స, పోయిన వస్తువుల కౌంటరు, ఆడవారు ఒంటరిగా చిక్కుకుపోయినా, ఎవరైనా వేధించినా వెళ్ళగలిగే రక్షిత స్థలం అన్నీ అక్కడే. ఈ సంగతి బృందంలోని ఆడవారందరికీ ముందే చెప్పి ఉంచాలి. అత్యవసరానికి 112. ఎవరైనా మరీ తూలుతుంటే మొహమాటపడకుండా ప్రథమ చికిత్సకు తీసుకువెళ్ళండి. అక్కడివారికి అది రోజూ ఉండే పని.

బీరు పోయడం రాత్రి 10:30కు ఆగిపోతుంది. ఒకటి రెండు టెంట్లు తప్ప మిగిలినవన్నీ కాసేపటికి మూతపడడంతో వేలకు వేల మంది ఒక్కసారిగా బయటపడతారు. తెరేజియన్‌వీజె మెట్రో స్టేషనును రద్దీ వల్ల అప్పుడప్పుడు మూసివేస్తారు కూడా. పది గంటలకే లేచిపోండి, లేదా హాకర్‌బ్రూకె స్టేషనుకో ప్రధాన స్టేషనుకో నడిచి వెళ్ళండి. లేచే ముందు బెంచీ కింద చూడమని చెప్పండి. కోట్లు, ఫోన్లు ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే.

మర్నాడు పెద్ద కార్యక్రమాలు పెట్టుకోకండి. ఆదివారం జర్మనీలో దుకాణాలు దాదాపుగా మూసి ఉంటాయి కనుక నీళ్ళు, పెరుగు, పళ్ళు శనివారమే కొని గదిలో ఉంచండి. మిగిలిపోయిన కూపన్లను ఉత్సవం తరువాత కూడా నగరంలోని తమ భోజనశాలల్లో కొంతకాలం తీసుకునే టెంట్లు ఉన్నాయి. కూపన్ వెనుక గడువు చూసి, మ్యూనిక్‌లోనే ఉండే మిత్రుడికి ఇచ్చి, ఆ మొత్తాన్ని ఉమ్మడి లెక్కలో జమ వేయండి. తిరుగు రైలులోనే లెక్క తేల్చి ఎవరి బాకీ వారికి చెప్పేయడం మంచిది, ఊళ్ళకు చేరాక ఎవరూ ఫోను ఎత్తరు.